మూడు కేజీల పుస్తకాలు

మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. బట్టలు సర్దడం అరగంటలో అయిపోయింది. పుస్తకాలు సర్దడం మొదలుపెట్టి ఇది మూడో రోజు.

సామాను తూచే కొక్కెం ఒకటుంది నా దగ్గర. విమాన ప్రయాణాల కోసం కొన్నది. దానికి గుడ్డ సంచీ తగిలించి, అందులో పుస్తకాలు వేసి చూసాను. మూడు కేజీల నూట యాభై గ్రాములు. వెళ్తున్నది రైల్లో కాబట్టి ఎవరూ తూకం అడగరు. కానీ సికింద్రాబాద్ నుంచి వెళ్లే దానాపూర్ ఎక్స్‌ప్రెస్ నేరుగా కాశీకి పోదు. మొగల్‌సరాయిలో దిగి (2018లో పేరు మార్చారు, మా నాన్న మాత్రం మొగల్‌సరాయి అనే అంటాడు) అక్కణ్ణించి ఆటోనో, టాక్సీనో పట్టుకోవాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నకి బరువులెత్తొద్దన్నారు. అంటే మొత్తం సామాను నాదే.

అమ్మ చిత్తూరు నుంచి రోజూ ఫోను చేస్తోంది. నిన్న అడిగింది, "ఏం పాపా, ఎన్ని పుస్తకాలు?" అని. ఆరు అన్నాను. "కాశీలో పరీచ్చలేమన్నా రాయాల్నా నువ్వు?" అంది. ఈ మాట పదేళ్లుగా అంటోంది, ఊరి పేరు ఒక్కటే మారుతుంది.

నిజం చెప్పాలంటే, సెలవుల్లో చదువుదామని పట్టుకెళ్లిన పుస్తకాల్లో సగానికి సగం నేను తెరవను కూడా తెరవలేదు. నా 'వార్ అండ్ పీస్' గోవా చూసింది, పాండిచ్చేరి చూసింది, కూర్గులో కాఫీ తోటల మధ్య మూడు రోజులుంది. అట్ట లోపల ఇప్పటికీ కాస్త ఇసుక రాలుతుంది. పేజీ గుర్తు మాత్రం 64 దగ్గరే ఉంది. ఆ మూడు ఊళ్లకీ దాన్ని ఎందుకు మోసానో ఆలోచిస్తే ఒకటే కారణం. ఇంట్లో ఉండే నేను వేరు, సెలవుల్లో ఉండబోయే నేను వేరు అనుకోవడం. ఆ రెండో మనిషి పొద్దున్నే లేస్తుంది, ఫోను పక్కన పెడుతుంది, సముద్రం ఎదురుగా కుర్చీ వేసుకుని రోజుకి వంద పేజీలు చదువుతుంది. ఆవిడ కోసం పుస్తకాలు సర్దుతాను. తీరా ఊరికి చేరేది నేనే. ఆవిడ ఏ ట్రిప్పుకీ రాలేదు.

కిండిల్ కొనుక్కోమని చెప్పబోతున్నారేమో, ఉంది. అందులో నాలుగు వందల పుస్తకాలున్నాయి. ఒక దీపావళి సెలవులకి అదొక్కటే పట్టుకెళ్లాను. పదకొండు పుస్తకాలు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చెయ్యలేదు. ఇంట్లో ఎంపిక చేసుకుని బయల్దేరాల్సిన బాధ ఉండదు కాబట్టి, ఊళ్లో ఉన్నన్ని రోజులూ ఎంపిక చేస్తూనే కూర్చున్నాను. అన్నం తినకుండా మెనూ చదివినట్టు. పైగా తెలుగులో నాకు కావల్సినవి అందులో దొరకవు.

కొన్నాళ్లకి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. కథల పుస్తకం ఒకటి తప్పకుండా ఉండాలి. ప్రయాణంలో పది నిమిషాలకోసారి ఎవరో ఒకరు పలకరిస్తారు, టీ వస్తుంది, టీసీ వస్తాడు, నవల అయితే ప్రతిసారీ మళ్లీ మునగాలి. చాసో కథ నాలుగైదు పేజీల్లో తేల్చేస్తాడు, రెండు స్టేషన్ల మధ్య సరిపోతుంది. ఇంకో పద్ధతి, ఎవరైనా స్నేహితులు "చదివి చెప్పు" అని చేతిలో పెట్టిన పుస్తకం తీసుకెళ్లకూడదు. అది సెలవు కాదు, డ్యూటీ.

అన్నిటికంటే గట్టిగా పాటించేది మాత్రం ఇది: వెళ్తున్న ఊరి గురించిన పుస్తకం ఆ ఊరికి పట్టుకెళ్లకూడదు. ఒకసారి పాపికొండలు చూడ్డానికి వెళ్తూ వంశీ 'మా పసలపూడి కథలు' తీసుకెళ్లాను. బాపు బొమ్మలతో ఎంత ముచ్చటైన పుస్తకమో అంత బరువు. లాంచీ పైన అందరూ రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంటే నేను కుర్చీలో కూర్చుని గోదావరి గురించి చదువుతున్నాను. ఎదురుగా గోదావరి ఉంది. పుస్తకంలో గోదావరి ఇంకా బాగుంది. ఇప్పుడు ఆ ప్రయాణం గుర్తు చేసుకుంటే కొండలు కనబడవు, బాపు గీసిన జడలు కనబడతాయి. వంశీ తప్పేం లేదు. ఆయన్ని హైదరాబాద్‌లో, ట్రాఫిక్కు మధ్యలో చదవాలి.

ఇలాంటి సూత్రాలు చెప్పమంటే గంటసేపు చెప్తాను. పుస్తకాల వాళ్లందరం చెప్తాం. కానీ సెలవుల పుస్తకం గురించి నేను సరదాగా కాకుండా ఆలోచించడం మొదలుపెట్టింది మాత్రం ఒకే ఒక్క ప్రయాణం తర్వాత. ఆ ప్రయాణంలో పుస్తకం మంచిదే. ఎంపికలో కూడా తప్పులేదు.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. మూడు దశాబ్దాలకు పైగా బస్సులో నిలబడి ప్రయాణం చేసిన మనిషి. రోజుకి రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగేవాడు, కానీ ఎక్కడికీ వెళ్లలేదు. చిన్నప్పుడు నేను సెలవుల్లో ఎక్కడికైనా పోదాం అంటే, "నాకు సెలవంటే బస్సెక్కకుండా ఉండడం పాపా" అనేవాడు. 2015లో రిటైరయ్యాడు. మరుసటి ఏడాది, అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్లు, మొండిపట్టు పట్టి ఇద్దర్నీ అరకు తీసుకెళ్లాను. 2016 డిసెంబరు. తిరుపతి నుంచి విశాఖపట్నం రాత్రి ప్రయాణం, మర్నాడు పొద్దున్నే కిరండూల్ వెళ్లే పాసింజరు.

అప్పటికి ఆ రైలుకి అద్దాల పెట్టె ఇంకా రాలేదు. మామూలు పెట్టెలో ముగ్గురం. అమ్మ ఒక మూల సర్దుకుని కూర్చుని పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుంది. నాన్న కిటికీ పక్కన. నేను ఎదురుగా. నా సంచీలో 'చివరకు మిగిలేది', ఒక లావుపాటి ఇంగ్లీషు నవల, చాసో కథలు. అప్పటికి ఊరి పుస్తకం ఊరికి తీసుకెళ్లకూడదన్న సూత్రం ఇంకా పెట్టుకోలేదు. విజయనగరం మనిషిని విజయనగరం దగ్గర్లో చదవడం గొప్ప ఆలోచన అనుకున్నాను.

ఆ దారి గురించి తెలిసినవాళ్లకి తెలుసు. కొత్తవలస దాటి కాసేపటికి రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. ఒక సొరంగం, లోయ, వంతెన, మళ్లీ సొరంగం. ఆ పెట్టెలో పగటిపూట లైట్లు వెయ్యలేదు. సొరంగం రాగానే కారుచీకటి, పిల్లలందరూ అరుపులు. పుస్తకంలో వేలు పెట్టి ఆగేదాన్ని, వెలుతురు రాగానే ఆగిన చోటునుంచి చదువుకునేదాన్ని.

నాన్న సొరంగాలు లెక్కపెడుతున్నాడు. బస్సులో తలలు లెక్కపెట్టే అలవాటు, ఎక్కడికి పోతుంది. "పదహారు" అనేవాడు చీకట్లో. వెలుతురొచ్చాక మళ్లీ "పదిహేడుకి రెడీ" అన్నట్టు కిటికీ వైపు తిరిగేవాడు. మొత్తం 58 ఉంటాయని ఇంటర్నెట్లో ఉంది నాన్నా, అన్నాను పేజీలోంచి తల ఎత్తకుండా. "రాసినోడు లెక్కపెట్టినాడా?" అన్నాడు.

మధ్యలో పక్కసీటాయనతో మాటలు కలిపాడు. ఈ లైను మనుషుల కోసం వెయ్యలేదంట పాపా, అవతల బైలదిల్లలో ఇనుపరాయి తవ్వి విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపేదానికి వేసినారంట, మనం పోయేది ఊరికే కొసరు, అని నాకు చెప్పాడు. నేను "అవునా" అన్నాను. ఆ 'అవునా' నాకు బాగా గుర్తుంది. ఆఫీసులో మీటింగులో అంటాం కదా, అలాంటి అవునా.

అప్పుడు నేను చదువుతున్నది 'ఎందుకు పారేస్తాను నాన్నా'. చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు. చదువు ఆగిపోయిన పిల్లవాడూ, వాణ్ణి చుట్టలకి పంపే తండ్రీ. అంతకుముందు ఒకట్రెండుసార్లు చదివిన కథే. కానీ ఆ రోజు, రైల్లో, ఎందుకో గొంతు పట్టేసింది. కళ్లు తుడుచుకుంటున్నాను.

రైలు ఏదో చిన్న స్టేషన్లో ఆగింది. నాన్న నా మోకాలి మీద తట్టాడు. "పాపా, ఆ బోర్డులో ఏం రాసుండాదో చదువు."

"ఒక్క నిమిషం నాన్నా" అన్నాను.

కథలో ఇంకో అరపేజీ ఉంది. తల ఎత్తేసరికి రైలు కదిలింది. బోర్డు వెనక్కి వెళ్లిపోయింది. అది శిమిలిగుడ. ఎత్తులో ఉన్న బ్రాడ్‌గేజ్ స్టేషనని, 996.32 మీటర్లని ఆ బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ సంగతి నాకు తర్వాత అరకు హోటల్లో ఫోన్లో చూస్తే తెలిసింది. నాన్నకి చెప్పాను. "అదేనా" అన్నాడు. అంతే. నాన్న దేన్నీ సాగదీసే మనిషి కాదు.

తిరిగొచ్చాక ఆఫీసులో అరకు ఎలా ఉందని అడిగితే చాలా బాగుందని చెప్పాను. కాఫీ పొడి పంచాను. మ్యూజియం, బొర్రా గుహలు, బొంగులో చికెన్. ఎవరో స్నేహితురాలు, "ట్రిప్పులో ఏం చదివావు?" అంటే మాత్రం అరగంట మాట్లాడాను. ఒక తండ్రీకొడుకుల కథ చదివి రైల్లో ఏడ్చానని కూడా చెప్పాను. గర్వంగానే చెప్పాను.

ఏడేళ్ల తర్వాత, 2023లో, నాన్నకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ చేయించాం. చేసిన డాక్టరుగారు మామూలుగా అన్న మాట ఒకటి. ఇది ముదిరిపోయింది, చాలా ఏళ్లుగా ఉండుంటుంది, ఈయన ఎలా నెట్టుకొచ్చాడో అని. నేను నాన్న వైపు చూసాను. "అగుపడతానే ఉన్నింది సార్, కొంచెం మసక" అన్నాడు.

ఇంటికొచ్చాక రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. పేపరు కొని మడిచి పక్కన పెట్టుకోవడం. హోటల్లో మెనూ నా వైపు తోసి "నువ్వే చెప్పు" అనడం. కరెంటు బిల్లు అమ్మ చేతికివ్వడం. నాన్నకి చదవడం ఇష్టంలేదు అనుకున్నాను. చిన్నప్పట్నించీ అలా అనుకోవడం నాకు తేలిక, ఎందుకంటే చదివేదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే అనుకోవచ్చు. అరకు రైల్లో నాన్న నాకు బోర్డు చూపించడం లేదు. కబుర్లు పెట్టుకోవడం కూడా కాదు. చదివి పెట్టమని అడిగాడు. జీవితంలో ఆయన నన్ను అడిగినవి చాలా తక్కువ, అందులో అదొకటి. అప్పుడు నా చేతిలో తెలుగులో తండ్రి మీద వచ్చిన మంచి కథల్లో ఒకటి ఉంది.

దీనికి చాసో ఏం చేస్తాడు. పుస్తకం మీద కోపం లేదు. పుస్తకాల వాళ్లం ఒక మాట తరచూ అంటాం, సాహిత్యం మనిషిని పక్కమనిషి వైపు నడిపిస్తుందని. నేను కూడా ఎక్కడో రాసాను. ఆ రోజు నా విషయంలో అలా జరగలేదు, అంతవరకే చెప్పగలను. నేను ప్రయాణాలకి పుస్తకం పట్టుకెళ్లేది చదవడానికి మాత్రమే కాదు. ఎవరూ మాట్లాడించకుండా ఉండడానికి కూడా. హాస్టల్లో ఉన్నప్పుడు, మొదటి ఉద్యోగంలో, పెళ్లిళ్లలో, బంధువుల ఇళ్లలో, ఆ అట్ట చాలాసార్లు నన్ను కాపాడింది. "సంబంధాలు చూస్తున్నారా?" అన్న ప్రశ్న పుస్తకం మూసి ఉంటే వస్తుంది, తెరిచి ఉంటే రాదు. కాబట్టి దాన్ని వదులుకోమని నాకే నేను చెప్పుకోలేను. కానీ ఎవరికి అడ్డంగా పట్టుకుంటున్నానో చూసుకోవాలి కదా.

ఆపరేషన్ తర్వాత నాన్న కొత్త మనిషయ్యాడు. తెలుపు ఇంత తెల్లగా ఉంటుందని మర్చిపోయానన్నాడు. కనబడ్డ ప్రతిదీ పైకి చదివేవాడు. మందుల స్ట్రిప్పు మీద ఎక్స్‌పైరీ తేదీ, ఉప్పు ప్యాకెట్టు వెనక అక్షరాలు, ఎదురింటి గేటు మీద పేరు. అమ్మకి విసుగొచ్చింది. "ఆ డాక్టరు కళ్లు బాగు చేసినాడా, నోరు బాగు చేసినాడా?" అంది.

2024 జనవరిలో మళ్లీ అరకు వెళ్దామన్నాను. ఎందుకో చెప్పలేదు. "చూసినాము గదా" అన్నాడు నాన్న. అమ్మ మాత్రం ఉడెన్ బొమ్మలు కొనాలని వెంటనే ఒప్పుకుంది.

ఈసారి పుస్తకాలు వద్దనుకున్నాను. అసలు ఒక్కటీ వద్దు. బయల్దేరే ముందు రాత్రి చేతులు ఊరుకోలేదు. షెల్ఫు ముందు నిలబడ్డాను. సన్నటిదొకటి, కనబడకుండా హ్యాండ్‌బ్యాగులో పట్టేది. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' దొరికింది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాపీ. ఎప్పుడో కాలేజీలో చదివాను. నాన్నా వాళ్లు పడుకున్నాక పది పేజీలు తిరగేద్దాం అనుకుని పెట్టుకున్నాను.

అద్దాల పెట్టెలో టికెట్లు దొరకలేదు. మళ్లీ మామూలు పెట్టే. ఇంకా విశాఖ స్టేషన్లోనే ఉన్నాం. టికెట్ల కోసం బ్యాగు తెరిస్తే పుస్తకం బయటపడింది. నాన్న తీసి చూసాడు. అట్ట మీద పేరు పైకి చదివాడు. లోపల ఒక పేజీ పైకి చదివాడు. రెండో పేజీకొచ్చేసరికి పైకి చదవడం మానేసాడు.

అంతే, ఆ పుస్తకం మళ్లీ నా చేతికి రాలేదు.

కథ తెలియనివాళ్లకి: ఒక ముసలివాడు, పందులు కాసుకునేవాడు. సూడిపంది ఒకటి మందతో తిరిగిరాదు. అడవిలో ఎక్కడో ఈనడానికి పోయుంటుందని వెతుక్కుంటూ వెళ్తాడు. ఒక్క రాత్రి. అంతే నవల. రాసిన కేశవరెడ్డిగారు చిత్తూరు జిల్లావాడే. వృత్తి రీత్యా డాక్టరు, నిజామాబాద్ వైపు కుష్ఠు రోగులకి వైద్యం చేస్తూ చాలాకాలం పనిచేశారు. 2015లో పోయారు. అందరూ ఈ నవలని హెమింగ్వే 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ' పక్కన పెట్టి మాట్లాడతారు. కాలేజీలో నేను కూడా అలాగే చదివాను, పోలికలు వెతుక్కుంటూ.

నాన్నకి హెమింగ్వే ఎవరో తెలియదు. బొడ్డవర దాటుతుండగా తలెత్తి అన్నాడు, "ఈయనకి పందులు తెలుసు పాపా."

"ఎట్లా చెప్తావు?"

"ఈనే ముందర పంది గడ్డీ గాదం నోటితో కరుచుకొచ్చి గూడు కట్టుకుంటాది. అప్పుడు దాని దగ్గిరికి పోకూడదు, పెంచినోణ్ణి కూడా నమ్మదు. మా ఊర్లో చెరువు కట్ట కింద ఉండేవాళ్లు ఆ మందల్ని తోలేవాళ్లు. నేను బడి ఎగ్గొట్టి వాళ్ల వెనకాల పోయేవాణ్ణి. మా నాయన చింతబరిక తీసుకున్యాడు ఒకసారి."

ముప్ఫై ఏళ్లలో నేను ఈ సంగతి వినలేదు. నాన్న బడి ఎగ్గొట్టాడనే తెలియదు. ఇంకా ఏమైనా చెప్తాడేమోనని ముందుకి వంగాను. నాన్న మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోయాడు. చెరువు కట్ట కింద ఉన్నది ఎవరు, వాళ్లతో తిరిగినందుకే తాతయ్య కొట్టాడా, బడి ఎగ్గొట్టినందుకా, అడగాలని ఉంది. అడిగాను కూడా. "చెప్తాలే ఉండు" అన్నాడు. రెండు రోజులు అదే మాట.

సొరంగాలు మొదలయ్యాయి. చీకటి పడగానే నాన్న పేజీలో వేలు పెట్టుకుని ఆగేవాడు. వెలుతురు రాగానే చదివేవాడు. పక్కనుంచి చూస్తుంటే, వేలు పెట్టుకునే తీరు అచ్చం నాదే. లేదా నాది ఆయనది. నాకు చదవడానికేమీ లేదు. ఫోన్లో సిగ్నలు లేదు. కిటికీ ఒక్కటే ఉంది. లోయలో పసుపు పూలు, వలిసె పూలంటారట, చివరి చివరి పూలు అక్కడక్కడా. ఒక పిల్ల గట్టు మీద మేకతో నిలబడి రైలుకి చెయ్యి ఊపడం లేదు, ఊరికే చూస్తోంది. పుస్తకం లేకపోతే మనిషి ఎంత చూస్తాడో అని రాస్తారు కదా, అలా ఏం జరగలేదు. చాలాసేపు బోరు కొట్టింది. మధ్యలో అమ్మ కబుర్లు చెప్పింది. చిన్నాన్న వాళ్ల స్థలం తగాదా. అది కూడా నేను మొదటిసారి పూర్తిగా విన్నాను.

శిమిలిగుడ వస్తుందని నాకు ముందే తెలుసు. ఏడేళ్లుగా దాని కోసమే వచ్చినట్టు సిద్ధంగా ఉన్నాను. బోర్డు కిటికీకి కొంచెం అవతల ఆగింది. నాన్న మోకాలి మీద తట్టాను.

"నాన్నా, బోర్డు. చదువు."

"ఒక్క నిముషం పాపా" అన్నాడు, తలెత్తకుండా. "నక్కలొచ్చినాయి."

అమ్మ ఎందుకు నవ్వుతున్నావని అడిగింది. నేనే లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడి ఫోటో తీసాను. అందులో బోర్డు సగమే పడింది, తొమ్మిది వందల దాకా కనబడుతుంది. మిగతాది ఒక సమోసాల అతని బుట్ట. తిరిగొచ్చి చూపిస్తే, "బాగుండాది" అన్నాడు, ఫోను వైపు చూసాడో లేదో.

పుస్తకం అరకులో రాత్రి పూర్తి చేసాడు. ఏం మాట్లాడలేదు. పొద్దున కాఫీ తాగుతూ, "అట్ల అయ్యుండాల్సింది కాదు" అన్నాడు. ముగింపు గురించి. నేను కాలేజీలో ఆ ముగింపు మీద మూడు పేజీలు రాసాను, అస్తిత్వం అదీ ఇదీ అని. ఆ మూడు పేజీలూ కలిపి ఈ మాట ముందు నిలబడవు. ఆ కాపీ ఇప్పుడు చిత్తూరులో, నాన్న పేపర్లు పెట్టుకునే అల్మారాలో ఉంది. అడిగితే "చదవతా ఉండా" అంటాడు. రెండోసారా, మూడోసారా తెలియదు.

అప్పట్నించీ ఫోన్లో అడుగుతాడు, "ఈసారి ఏం తెస్తాండావు?" అని. నామిని 'మిట్టూరోడి కథలు' పంపాను. అది చదువుతూ ఫోను చేసి నాకే చదివి వినిపించాడు, మధ్యలో నవ్వు ఆపుకోలేక అమ్మకిచ్చేశాడు. త్రిపుర కథలు పంపితే పది రోజుల తర్వాత, "మంచాయనే, నాకు అందలేదు" అన్నాడు. ఇంత మర్యాదగా ఏ సమీక్షకుడూ పుస్తకం పక్కన పెట్టడం నేను చూడలేదు.

కాబట్టి ఇప్పుడు నేను సర్దుతున్నది ముగ్గురికి. అమ్మకి కళ్లజోడు పవరు మారింది, పెద్ద అక్షరాలు కావాలి, లేదా నేను చదివి వినిపించాలి. యద్దనపూడి 'సెక్రటరీ' పెట్టాను. పెళ్లికి ముందు అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని దాన్ని ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదట. ఒకప్పుడు దాన్ని చూసి మొహం చిట్లించిన మనిషినే నేను. ఇప్పుడు రైల్లో పైకి చదవబోతున్నాను, పక్క బెర్తు వాళ్లు కూడా వింటారు, ఏం చేస్తాం.

నాన్నకి ఏంటన్నది తేలడానికి మూడు రోజులు పట్టింది. నిన్న రాత్రి నా గట్టి సూత్రాన్ని పక్కన పెట్టి ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' దించాను. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే నెలలో పల్లకీలో, పెద్ద పరివారంతో బయల్దేరి, తిరుపతి, కడప, హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ మీదుగా కాశీ చేరి, కలకత్తా వైపు నుంచి తిరిగి 1831 సెప్టెంబరులో మద్రాసు వచ్చాడు. దారిలో స్నేహితుడికి రాసిన సంగతులే పుస్తకమయ్యాయి. భాష పాతది, దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో పరిష్కరించి వేసిన పాఠమే ఇప్పటికీ ఆధారం. మొదటిసారి చదివినప్పుడు నాకు విసుగొచ్చింది. ఎంతసేపూ ఈ ఊరి నుంచి ఆ ఊరికి ఎంత దూరం, దారి రాయా ఇసుకా, బావి ఉందా, అంగళ్లున్నాయా, మజిలీకి చోటుందా. సాహిత్యం ఎక్కడుంది ఇందులో అనుకున్నాను.

నిన్న తిరగేస్తుంటే అర్థమైంది. ఇది స్టేజీల లెక్క. ఒక కండక్టరు రాసుకునే లెక్క. నాగపూర్ నుంచి జబల్‌పూర్ మీదుగా ప్రయాగ దాకా మన రైలు కూడా కొంచెం అటూ ఇటూగా అదే దారిలో పోతుంది. ఆయన వారాల తరబడి పల్లకీలో పోయిన దూరం మనం ఒక పగలూ ఒక రాత్రీ దాటాక చేరిపోతాం.

ఇందాక ఫోను చేసి చెప్పాను. అట్ట వెనక ఉన్నది చదివాను.

"తిరుపతి మీదనా పోయినాడు? మన పక్కనించేనా?" అన్నాడు. "రోజుకి ఎన్ని మైళ్లు?"

"ఆమడల్లో రాసాడు నాన్నా. నువ్వే మార్చుకోవాలి."

"కాయితం, పెన్సిలు కూడా పెట్టు మరి" అన్నాడు.

పెట్టాను. తూకం మళ్లీ చూసాను. మూడు కేజీల నాలుగు వందలు అయింది. నావి రెండు తీసేస్తే రెండున్నరకి వస్తుంది. 'వార్ అండ్ పీస్' ఒకటి. రెండోది చాసో. చాసోని మాత్రం ఒకసారి తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి మంచం మీదే ఉంచాను. రైలు ఎల్లుండి కదా, ఇంకా టైముంది.